ముందే టిక్ పెట్టిన గడి చెల్లదు: నెలనెలా నూనె పంపే వ్యాపారికి సలహా

ప్రశ్న: అనంతపురంలో కట్టె గానుగ పెట్టి శెనక్కాయ నూనె తీస్తున్నాం. సొంత వెబ్‌సైట్‌లో బెంగళూరు, హైదరాబాద్ దాకా అమ్ముతున్నాం. ఒకసారి కొన్నవాళ్లను నెలవారీ సబ్‌స్క్రిప్షన్‌లో చేర్చాలని ఉంది. సైటు చేసినాయన మూడు మార్గాలు చెప్పినాడు: ‘ప్రతి నెలా పంపండి’ అనే గడిలో ముందే టిక్ పెట్టి ఉంచడం, ఆటోపేకు (ఖాతా నుంచి డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటుకు) ఒప్పుకుంటే మొదటి నెల ఉచితం అనడం, మానుకోవాలంటే పగటిపూట ఫోన్ చేయమనడం. చట్టం ఒప్పుకుంటుందా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మూడూ వద్దు. సబ్‌స్క్రిప్షన్ మాత్రం నిక్షేపంగా అమ్ముకోవచ్చు, సభ్యులకు ధర తగ్గించి ఇవ్వనూ వచ్చు.

మొదటిదానికి నేరుగా నిషేధం ఉంది. వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు, 2020లోని 4(9) ప్రకారం కొనేవారు తామై స్పష్టంగా ఒప్పుకోవాలి. ముందే పెట్టిన టిక్కును అంగీకారంగా రాసుకోకూడదు. చిన్న వ్యాపారం కదా అనుకోకండి. సొంత సైటులో క్రమం తప్పకుండా అమ్ముతున్నారు కాబట్టి ఈ నిబంధనలు మీకూ వర్తిస్తాయి.

మిగతా రెండూ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న నోటిఫై చేసిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవారిని మాయచేసే సైటు ఎత్తుగడలు) మార్గదర్శకాల కిందికి వస్తాయి. అందులో నిషేధించిన 13 పద్ధతుల్లో ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’ ఒకటి. రద్దు చేసుకునే దారిని దాచడం, చిక్కుముడిగా పెట్టడం, ఉచిత సబ్‌స్క్రిప్షన్ కోసం ఆటో డెబిట్‌కు బలవంతంగా ఒప్పించడం అన్నీ అదే. ‘వద్దు, మా పిల్లలకు కల్తీ నూనే చాలు’ అని రాసిన బటన్ కూడా పెట్టనివ్వకండి. కాదన్నవారిని సిగ్గుపడేలా చేయడం ఆ జాబితాలో ఇంకొకటి.

మరి ఎలా అడగాలి? కొనే పేజీలో ‘ఈసారికి మాత్రమే’, ‘ప్రతి 30 రోజులకు’, ‘45 రోజులకు’, ‘60 రోజులకు’ అని పక్కపక్కన పెట్టి, దేనికీ టిక్ లేకుండా వదలండి. నెల గడువు ఒక్కటే పెడితే చిన్న కుటుంబాల్లో డబ్బాలు పేరుకుపోతాయి, అక్కడే చాలామంది మానేస్తారు. కిందనే ధర, పరిమాణం, తర్వాత డబ్బు కట్ అయ్యే తేదీ, ఆపే విధానం అదే సైజు అక్షరాల్లో రాయండి. డెలివరీ ఛార్జీ కూడా అక్కడే చూపించాలి, చివరి మెట్టులో బయటపెడితే అది ‘డ్రిప్ ప్రైసింగ్’ అవుతుంది. నా మాట వింటే, మొదటి డబ్బా మామూలుగా అమ్మి, వాడి చూసిన పది రోజులకు ఒక్కసారి అడగండి. రోజూ మెసేజీలతో విసిగించడం కూడా నిషిద్ధమే.

అసలు తగాదాలు పుట్టేది డబ్బు కట్ అయ్యే దగ్గర. ఆటోపే నమోదుకు ఓటీపీ గాని యూపీఐ పిన్ గాని తప్పదు. ఆ తర్వాత 15,000 రూపాయల లోపు వాయిదాలకు మళ్లీ అడగరు. కానీ 24 గంటల ముందు బ్యాంకు నుంచి సమాచారం వెళ్తుంది, ఖాతాదారు ఎప్పుడైనా తన బ్యాంకు లేదా యూపీఐ యాప్‌లోనే మాండేట్ (డబ్బు కట్ చేసుకోవడానికి ఇచ్చిన అనుమతి) రద్దు చేసుకోవచ్చు. అంటే మీ సైటులో రద్దు బటన్ దాచినా లాభం లేదు: వాళ్లు అక్కడ ఆపేస్తారు, మీరిక్కడ డబ్బా కట్టి కొరియర్‌కు ఇచ్చేస్తారు. డబ్బు జమ అయ్యాకే సరుకు పంపండి. దీనికి తలకిందుల పరిస్థితి ఇంకా చెడ్డది. సైటులో రద్దు చేశాక కూడా పేమెంట్ గేట్‌వేలో (మీ తరఫున డబ్బు వసూలు చేసే సేవలో) మాండేట్ బతికే ఉంటే, మరుసటి నెల వాళ్ల డబ్బు పోతుంది. రద్దు బటన్ నొక్కగానే గేట్‌వేలోనూ రద్దయ్యేలా సైటు చేసినాయనతో చేయించి, మీరే ఒకసారి చేరి, మానుకొని చూడండి.

నూనె ధర నిలకడగా ఉండదు కాబట్టి గరిష్ఠ పరిమితితో మాండేట్ తీసుకోండి. ఉదాహరణకు ఈరోజు 5 లీటర్లు 1,700 రూపాయలైతే పరిమితి 2,000. అంతమాత్రాన చెప్పకుండా పెంచే హక్కు రాదు. బ్యాంకు నోటీసు మీద ఆధారపడకుండా, ఐదు రోజుల ముందే కొత్త ధర తెలిపి ‘ఈ నెల వద్దు’ అనే బటన్ ఇవ్వండి. పాలు పోసేవారికి ‘రేపు వద్దు’ అని చెప్పినంత తేలికగా ఉండాలి.

ఆరు నెలల సొమ్ము ముందే తీసుకుంటే, ‘కట్టింది వాపసు రాదు’ అనే షరతు పెట్టకండి. అది అన్యాయమైన ఒప్పందంగా రాష్ట్ర వినియోగదారుల కమిషన్ ముందుకు వెళ్లవచ్చు. పంపిన డబ్బాలకు మామూలు ధర లెక్కగట్టి మిగిలింది తిరిగిస్తామని మొదటే రాయడం మేలు. నూనె ముక్క వాసన వస్తే వెనక్కి తీసుకోవాల్సిందే. బిల్లులో గడువు లేకపోతే 30 రోజుల్లో డబ్బు ఇవ్వాలి.

ఫిర్యాదులు చూసే అధికారి పేరు, ఫోన్ సైటులో ఉండాలి. 48 గంటల్లో అందినట్టు చెప్పి, నెలలో తేల్చాలి. బెంగళూరులోని కొనుగోలుదారు కేసు వేయడానికి అనంతపురం రానక్కర్లేదు. తాను ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోపు వేయవచ్చు, సరుకు విలువ 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. అడగకపోయినా ఒక మాట: నూనె రాష్ట్రం దాటుతోంది కాబట్టి టర్నోవరు ఎంత తక్కువైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు.

ప్రతి ఖాతాకూ టిక్ పెట్టిన తేదీ, సమయం, ఆ రోజు పేజీలో ఉన్న మాటలు, మాండేట్ నంబరు భద్రపరచండి. ఇప్పటికే ముందు టిక్కుతో ఎవరినైనా చేర్చి ఉంటే, వాయిదా ఆపి, ‘కొనసాగించాలా?’ అని విడిగా అడగండి. జవాబు ఇవ్వనివారి మాండేట్ మీరే రద్దు చేయండి.