సగటు 60 వేలు, అయినా ఏడు నెలలు లోటే

ప్రశ్న: మాది రాజమండ్రి. మా ఆయన పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్. ఆల్బమ్ ప్రింటింగ్, అసిస్టెంట్ల కూలి, డ్రోన్ అద్దె అన్నీ పోగా ఇంటికి ఎంత తెచ్చారో నెలనెలా నోట్‌బుక్‌లో రాస్తాను. పోయిన ఏప్రిల్ నుంచి ఈ మార్చి వరకు మొత్తం 7,20,000 వచ్చింది. అంటే నెలకు 60 వేలు. అద్దె కాకుండా ఇంటి ఖర్చు 34 వేలు. ఫ్లాట్ కోసం 25 లక్షల లోన్ తీసుకుంటే ఈఎంఐ 22 వేలు అంటున్నారు. రెండూ కలిపి 56 వేలు, ఇంకా 4 వేలు మిగులుతాయి. తీసుకోవచ్చా?

జవాబు: మీ కూడికలు, భాగహారాలు తప్పు లేదు. మీరు పంపిన నోట్‌బుక్ పేజీ ఫొటో చూశాక మాత్రం వెంటనే సరే అనలేకపోయాను. ఆ పేజీలోని అంకెలు ఇవి. ఏప్రిల్ 62 వేలు, మే 88, జూన్ 54, జులై 14, ఆగస్టు 71, సెప్టెంబర్ 18, అక్టోబర్ 32, నవంబర్ 196, డిసెంబర్ 45, జనవరి 12, ఫిబ్రవరి 82, మార్చి 46. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఎక్కడున్నాయో పంచాంగం తీయకుండానే కనిపిస్తున్నాయి.

ముందు వీటిని ఫోన్‌లో గూగుల్ షీట్స్‌లోకి ఎక్కించండి. ఎ వరసలో నెల పేరు, బి వరసలో డబ్బు. పై గడిలో శీర్షిక ఉంటుంది కాబట్టి అంకెలు బి2 నుంచి బి13 వరకు వస్తాయి. నోట్‌బుక్ అలవాటు కొద్దీ అంకె చివర గీతలు, 'రూ.' పెట్టకండి. పెడితే షీట్ దాన్ని అంకెగా కాక అక్షరాలుగా తీసుకుని మొత్తంలో కలపకుండా వదిలేస్తుంది. గడిలో అంకె ఎడమ పక్కకు అతుక్కుని కనిపిస్తే అదే జరిగిందని అర్థం. రాబడి లేని నెల ఎప్పుడైనా వస్తే ఆ గడి ఖాళీగా ఉంచకండి, సున్నా వేయండి. ఖాళీ గడిని సగటు ఫార్ములా అసలు లెక్కలోకే తీసుకోదు. పన్నెండు నెలల డబ్బును పదకొండుతో భాగించి మిమ్మల్ని సంతోషపెడుతుంది.

ఇక ఫార్ములాలు. సమానం గుర్తు పెట్టి, పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, బ్రాకెట్‌లో బి2 నుంచి బి13 వరకు ఇస్తే చాలు. యావరేజ్ కొడితే మీరు చెప్పిన 60,000 వస్తుంది. మీడియన్ కొట్టి చూడండి, 50,000. పదో తరగతి లెక్కల్లో మధ్యగతం అని చదువుకున్నది ఇదే. నెలలన్నిటినీ తక్కువ నుంచి ఎక్కువకు వరసలో నిలబెడితే సరిగ్గా నడిమికి వచ్చే అంకె. మీకు పన్నెండు నెలలు కాబట్టి నడిమికి రెండు వస్తాయి, 46, 54. వాటి సగటే ఈ 50. (అదే పాఠంలో బాహుళకం కూడా ఉండేది. మీ పన్నెండు అంకెల్లో ఏదీ రెండోసారి రాలేదు కాబట్టి షీట్ ఎర్రర్ చూపిస్తుంది, దాన్ని వదిలేయండి.)

సగటుకీ మధ్యగతానికీ 10 వేలు తేడా ఉందంటే ఎక్కడో ఒక అంకె మిగతావాటిని పైకి లాగుతోందన్నమాట. అది నవంబర్. అమెరికా నుంచి వచ్చినవాళ్ల పెళ్లి ఒక్కదానికే 1,30,000 మిగిలిందని పక్కన మీరే రాశారు. ఆ పెళ్లి రాలేదనుకుని నవంబర్‌లో 66,000 వేసి చూడండి. సగటు 49,167కి పడిపోతుంది. మధ్యగతం మాత్రం 50,000 దగ్గరే ఉంటుంది, అంగుళం కదలదు. మీ ఇంటి మామూలు నెల ఎలా ఉంటుందని నన్నడిగితే 50 వేలు అంటాను, 60 కాదు.

స్టాండర్డ్ డీవియేషన్ (ఫార్ములా పేరు STDEV) కూడా ఒకసారి చూడండి. నెలలు సగటుకు అటూ ఇటూ ఎంత దూరం ఊగుతున్నాయో చెప్పే అంకె అది. పెద్ద పెళ్లి తీసేశాక కూడా మీకు 26,000 వస్తోంది, సగటులో సగం పైనే. జీతగాళ్ల ఇంట్లో ఇది సున్నా పక్కన ఉంటుంది. ఈఎంఐ లెక్కలు చాలావరకు వాళ్లను చూసి తయారైనవే. క్వార్టైల్ ఫార్ములాలో బి13 తర్వాత కామా పెట్టి 1 ఇస్తే, అడుగు పాతిక వంతు నెలలను విడదీసే అంకె 28,500 వస్తుంది. మూడు నెలలు అంతకన్నా తక్కువలో గడిచాయి. ఆ నెలల్లో ఈఎంఐ సంగతి అటుంచి, ఇంటి ఖర్చుకే చాలలేదు.

అయితే మీ ప్రశ్నకు నేరుగా జవాబిచ్చేది ఇవేవీ కాదు, షరతుకు సరిపడే గడులను లెక్కపెట్టే కౌంటిఫ్. దాన్ని =COUNTIF(B2:B13,"<56000") అని కొట్టాలి. 56,000 కంటే తక్కువ వచ్చిన నెలలు ఎన్నని అడిగితే 7 అంటుంది. నవంబర్‌ను 1,96,000 గానే ఉంచినా ఏడే. ఆ ఏడు నెలల లోటు కలిపితే 1,71,000. మిగతా అయిదు నెలల మిగులు 2,19,000. కాబట్టే ఏడాది చివర నెలకు 4 వేలు మిగిలినట్టు కనిపించింది. పెద్ద పెళ్లి తీసేస్తే మిగులు 89,000 మాత్రమే, ఏడాదికి 82,000 అప్పు. ఆ ఒక్క పెళ్లిని నమ్ముకుని 20 ఏళ్ల లోన్ ఎత్తుకోబోతున్నారు.

12 వేల ఈఎంఐ అయితే? సి వరసలో ప్రతి నెలా రాబడిలోంచి ఇంటి ఖర్చుతో కలిపి 46,000 తీసేయండి, డి వరసలో పై గడి నిల్వకు దాన్ని కలుపుకుంటూ కిందికి లాగండి. నవంబర్ 66,000 పెట్టుకునే చూస్తే ఏడాది చివర 38,000 మిగులుతుంది. కానీ జూన్ చివర ఉన్న నిల్వ జనవరి చివరికి 64,000 తరిగిపోతుంది. లోన్ జులైలో మొదలైతే ఆ 64,000 మీ దగ్గర ముందే ఉండాలి. నేనైతే లక్ష పక్కన పెట్టమంటాను. 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు 12 వేల ఈఎంఐ అంటే దాదాపు 13 లక్షల 80 వేల లోన్. 25 లక్షల లోన్‌తో కొనాలనుకున్న ఫ్లాట్‌కు ఇది చాలదని తెలుసు. చిన్న ఫ్లాట్ చూడాలి, లేదా డౌన్ పేమెంట్ పెరిగేదాకా ఆగాలి. కట్టడం పూర్తికాని ఫ్లాట్ జోలికి వెళ్లకండి. అద్దె, ఈఎంఐ రెండూ ఒకేసారి మీద పడతాయి.

ఇంకో సంగతి. మీ వృత్తికి ఒక్క ఏడాది లెక్క చాలదు. 2023లో అధిక శ్రావణం వచ్చింది. 2024లో మే, జూన్ నెలలు మూఢంలో పోయాయి. 2026లో అధిక జ్యేష్ఠం పడి మే రెండో సగం, జూన్ మొదటి సగం ముహూర్తాలు ఉండవు. మీ షీట్‌లో మే నెల 88 వేలు ఉంది చూశారా, ఈసారి అంత రాకపోవచ్చు. పాత నోట్‌బుక్‌లు ఉంటే 2023 ఏప్రిల్ నుంచి 36 నెలలూ ఎక్కించి మళ్లీ మధ్యగతం చూడండి.

మీ ఆయనకు చూపించేటప్పుడు ఫార్ములాలు చదివి వినిపించకండి. నెలల వరస, డబ్బు వరస ఎంచుకుని నిలువు కడ్డీల చార్ట్ పెట్టండి. పక్క వరసలో పన్నెండు గడుల్లోనూ 56,000 వేసి దాన్ని గీతగా మార్చండి. గీత కిందే ఆగిపోయిన ఏడు కడ్డీలు ఆయనే లెక్కపెట్టుకుంటారు. గుండ్రటి 'పై' (pie) చార్ట్ మాత్రం వద్దు, అందులో జులై ఎండిపోయిన సంగతి తెలియదు.

నవంబర్‌లో వచ్చిన 1,30,000 ఇంకా ఖర్చు కాకపోతే కొత్త కెమెరాకో డౌన్ పేమెంట్‌కో ఇవ్వకండి. కావాల్సినప్పుడు తీసుకునేలా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచండి. నేను పైన చెప్పిన లక్ష అదే. 36 నెలల షీట్ తయారయ్యాక పంపండి, ఈఎంఐ అంకె అప్పుడు ఖాయం చేద్దాం.