మనకు లేని ఎంజైమ్: యూరికేజ్‌పై పాఠకుల ప్రశ్నలు

ప్ర: మా నాన్నగారికి 62 ఏళ్లు. కాలి బొటనవేలు వాచి నడవలేకపోతున్నారు. పరీక్షలో యూరిక్ యాసిడ్ 8.9 వచ్చింది. యూరికేజ్ క్యాప్సూళ్లు మింగితే తగ్గిపోతుందని ఆన్‌లైన్‌లో చూశాం. తెప్పించమంటారా?
– ఓ పాఠకురాలు, పటమట, విజయవాడ

జ: వద్దండి. యూరికేజ్ యూరిక్ యాసిడ్‌ని విరగ్గొట్టే మాట నిజమే. కానీ అది ప్రోటీన్. మింగితే తిన్న పప్పు అరిగినట్టే అదీ అరిగిపోతుంది. అరగకుండా మిగిలినా, అంత పెద్ద అణువు పేగు గోడ దాటి రక్తంలో కలవదు.

ఆవు, కుక్క, ఎలుకల కాలేయంలో ఈ ఎంజైమ్ ఉంది. యూరిక్ యాసిడ్‌ని అల్లాంటోయిన్‌గా మారుస్తుంది. అది నీళ్లలో బాగా కరిగి మూత్రంలో పోతుంది. మనలో ఆ జన్యువు ఆనవాలే మిగిలింది, పని చేయదు. చింపాంజీ, గొరిల్లాలదీ ఇదే పరిస్థితి. అందుకే రక్తంలో యూరిక్ యాసిడ్ డెసిలీటరుకు 6.8 మి.గ్రా. దాటితే కీళ్లలో స్ఫటికాలు పేరుకునే అవకాశం ఉంది.

మందుగా యూరికేజ్‌ని నరం ద్వారానే ఎక్కిస్తారు. కీమోథెరపీలో క్యాన్సర్ కణాలు ఒక్కసారిగా చచ్చి యూరిక్ యాసిడ్ పెరిగిపోయినప్పుడు రాస్‌బ్యూరికేజ్ వాడతారు. కిలో బరువుకి 0.2 మి.గ్రా., 30 నిమిషాల్లో. ఏ మందుకీ లొంగని గౌట్‌కి (యూరిక్ యాసిడ్ స్ఫటికాల వల్ల వచ్చే కీళ్ల వాపుకి) పెగ్లోటికేజ్ అనేదానికి 2010లో అమెరికా అనుమతించింది. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న ఒక ప్రమాదం: ఈ ఎంజైమ్ పనిచేసినప్పుడల్లా హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్) లోపం ఉన్నవాళ్లలో దానివల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ఆ పరీక్ష చేయకుండా ఎక్కించకూడదు.

నాన్నగారికి కావలసింది మామూలు వైద్యమే. ముందు వాపు తగ్గించాలి. తర్వాత యూరిక్ యాసిడ్ తయారీని తగ్గించే అల్లోప్యూరినాల్ మాత్ర సాధారణంగా రోజుకు 100 మి.గ్రా.తో మొదలుపెట్టి, కిడ్నీల పనితీరు చూస్తూ, యూరిక్ యాసిడ్ 6 కంటే కిందికి వచ్చేదాకా డాక్టర్ పెంచుతారు. తొలి నెలల్లో నొప్పి మళ్లీ రావచ్చు. మందు పడలేదనుకుని చాలామంది ఆపేసేది అప్పుడే, దయచేసి ఆ పని చేయకండి. ఇంకో మాట: యాసిడ్ అన్నారు కదా అని ఇంట్లో పులుపు మాన్పిస్తుంటారు. యూరిక్ యాసిడ్ ప్యూరిన్ల (మన కణాల్లో, కొన్ని ఆహారాల్లో ఉండే పదార్థాల) నుంచి వస్తుంది, చింతపండు పులుపు నుంచి కాదు. తగ్గించాల్సింది కాలేయం, రొయ్యలు, బీరు, కూల్‌డ్రింకులు.

ప్ర: డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చదువుతున్నాను. రక్తంలో యూరిక్ యాసిడ్ కొలిచే యూరికేజ్ పద్ధతిలో నా రీడింగులు ఒక్కోసారి తక్కువగా వస్తున్నాయి. తప్పెక్కడ?
– ఓ విద్యార్థి, గుంటూరు

జ: ఈ పరీక్షలో రంగు వచ్చేది పైన చెప్పిన పెరాక్సైడ్ వల్లే. యూరికేజ్ దాన్ని పుట్టిస్తే, పెరాక్సిడేజ్ అనే ఇంకో ఎంజైమ్ దాంతో గులాబీ రంగు తెస్తుంది. మధ్యలో పెరాక్సైడ్‌ని ఎవరు తినేసినా రీడింగ్ పడిపోతుంది. విటమిన్ సి మాత్రలు ఎక్కువగా వేసుకునేవాళ్ల శాంపిల్‌లో జరిగేది అదే, కాబట్టి ముందు అది అడగండి. తర్వాత పిపెట్ చూడండి. రీఏజెంట్ 1 మి.లీ.కి సీరం 20 లేదా 25 మైక్రోలీటర్లే కాబట్టి కొన మీద చిన్న బుడగ ఉన్నా ఫలితం మారుతుంది. మీ కిట్‌లో ఎంత రాశారో అంతే తీసుకోండి. 37 డిగ్రీల దగ్గర పూర్తి సమయం ఉంచకుండా చదివినా తక్కువే వస్తుంది.

లెక్క: బ్లాంక్‌తో సున్నా చేశాక శాంపిల్ ఓడీ (రంగు గాఢత) 0.32, స్టాండర్డ్ ఓడీ 0.24, స్టాండర్డ్ విలువ 6 అయితే, 0.32ని 0.24తో భాగించి 6తో గుణిస్తే 8. రీఏజెంట్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మన ఎండల్లో కరెంటు పోయి, ఫ్రిజ్ వేడెక్కి రీఏజెంట్ ముందే గులాబీ రంగుకి తిరిగితే పారేయండి.

రాస్‌బ్యూరికేజ్ ఎక్కించిన రోగి శాంపిల్ వస్తే ఇంకా జాగ్రత్త. గది వేడిలో ఆ మందు ట్యూబులో కూడా యూరిక్ యాసిడ్‌ని విరగ్గొడుతూనే ఉంటుంది. ముందే చల్లబరిచిన హెపారిన్ ట్యూబులో తీసి, ఐసు నీళ్లలో పెట్టి, 4 డిగ్రీల దగ్గర సెంట్రిఫ్యూజ్ చేసి, 4 గంటల్లోపు చదవాలి.

ప్ర: మొక్కల్లో కూడా ఈ ఎంజైమ్ ఉంటుందా?
– ఓ రైతు, తెనాలి

జ: మీ పొలంలోనే ఉంది. పెసర, మినుము వేరు బుడిపెల్లో బ్యాక్టీరియా పట్టిన నత్రజని ముందు యూరిక్ యాసిడ్‌గా మారుతుంది. యూరికేజ్ దాన్ని విరగ్గొట్టాక అల్లాంటోయిన్ రూపంలో కాండం గుండా ఆకులకు చేరుతుంది. శనగ దారి వేరు, అది నత్రజనిని ఎక్కువగా ఆస్పరజిన్‌గా పంపుతుంది. యూరికేజ్‌కి ఆక్సిజన్ కావాలి, బుడిపెలకీ కావాలి. వరి కోశాక వేసిన మినుములో నీరు నిలిచి వేళ్లకు గాలి అందకపోతే ఆకులు పసుపు రంగుకి తిరగడానికి ఇదీ ఒక కారణం. ముందు కాలువ తీసి నీరు పోనివ్వండి, యూరియా సంగతి తర్వాత చూడొచ్చు.