స్థలం అమ్మి అమెరికా పంపాలా?

ప్రశ్న: మాది కూర్మన్నపాలెం. స్టీల్‌ప్లాంట్‌లో ఉద్యోగం, ఇంకో రెండేళ్లలో రిటైర్మెంట్. మా బాబు బీటెక్ సీఎస్‌ఈ ఫైనలియర్, సీజీపీఏ 7.2. క్యాంపస్‌లో ఏడాదికి 3.6 లక్షల ఆఫర్ వచ్చింది. అంత తక్కువకి చేరేకన్నా ఎమ్మెస్ చేయించి, విదేశాల్లోనే సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌గా స్థిరపడేలా చూద్దామని మా ఆలోచన. 40 లక్షలు అవుతుందంటున్నారు. లోన్‌కి ఫ్లాట్ తనఖా పెడుతున్నాం, బ్యాంకు శాంక్షన్ కూడా ఇచ్చింది. ఆనందపురం దగ్గర స్థలం అమ్మకానికి పెట్టాం. అమెరికాలో ఒక యూనివర్సిటీ అడ్మిషన్ ఇచ్చింది. ఇప్పుడు వెళ్లకపోతే మళ్లీ అవకాశం ఉండదని ద్వారకానగర్‌లోని కన్సల్టెన్సీవాళ్లు తొందరపెడుతున్నారు. అమెరికా, జర్మనీ, కెనడా... ఏది మంచిదో పోల్చి చెప్పండి.

జవాబు: పోల్చమన్నారు, తప్పకుండా పోలుస్తాను. అయితే ముందు ఒక మాట. మీ ఉత్తరంలో ఫ్లాట్ ఉంది, స్థలం ఉంది, మీ రిటైర్మెంట్ ఉంది, కన్సల్టెన్సీవాళ్ల తొందర కూడా ఉంది. బాబుకి కోడ్ రాయడమంటే ఇష్టమో కాదో మాత్రం ఒక్క ముక్క లేదు. గాజువాక నుంచి మధురవాడ దాకా ఇలాంటి ఉత్తరాలే వస్తుంటాయి. అడిగేది దేశం గురించి, లోపల కుదిపేది మాత్రం వేరే దిగులు: నేను రిటైరయ్యేలోపు వీడు ఒడ్డున పడతాడా? ముందు దానికే జవాబు చెబుతాను. పడతాడు. ఈ ఏడాదే విమానం ఎక్కకపోతే మునిగిపోయేదేమీ లేదు.

3.6 లక్షలంటే మీకు చిన్నతనంగా ఉన్నట్టుంది. నెలకు 30 వేలు, అందులోనూ కోతలు. నిజమే, తక్కువే. కానీ అది మొదటి జీతం, జీవితాంతం ఉండే జీతం కాదు. ఈ రంగంలో రెండు మూడేళ్లు నికరంగా పనిచేసి, కంపెనీ మారినప్పుడు వచ్చే పెరుగుదలే అసలు పెరుగుదల. దానికి ఎమ్మెస్ అక్కర్లేదు, పని తెలిసుండాలి. 2023లో మన విశాఖలో ఇన్ఫోసిస్ సెంటర్ తెరిచినప్పుడు బెంగళూరు, హైదరాబాద్‌ల నుంచి సొంత ఊరికి మారిన పిల్లలున్నారు. వాళ్లలో చాలామందికి ఇలాంటి జీతంతోనే ఉద్యోగ జీవితం మొదలైంది. (గూగుల్ వస్తోంది కదా, ఇక్కడే ఉండమనండి అని మాత్రం నేను చెప్పను. 2025 అక్టోబరులో వాళ్లు ప్రకటించిన 15 బిలియన్ డాలర్లలో ఎక్కువ భాగం డేటా సెంటర్లకే. డేటా సెంటర్లో కరెంటు, కూలింగ్ పని చూసేవాళ్లు ఎక్కువ, కోడ్ రాసేవాళ్లు తక్కువ.)

ఇక అమెరికా. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అందరూ దీన్నే గ్యారంటీ దారి అనుకుంటున్నారు. ఎమ్మెస్ అయ్యాక ఓపీటీ (చదివినవాళ్లకి అక్కడ కొంతకాలం పనిచేయడానికి ఇచ్చే అనుమతి) కింద ఏడాది, సైన్స్ టెక్నాలజీ డిగ్రీ కాబట్టి ఇంకో రెండేళ్లు, మొత్తం మూడేళ్లు పని చేసుకోవచ్చు. ఈ మూడేళ్లలో హెచ్‌-1బీ, అంటే ఉద్యోగ వీసా, తగలాలి. ఏటా ఉండేది 65 వేలు, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకి అదనంగా 20 వేలు. ప్రపంచమంతా పోటీపడేది ఈ 85 వేల కోసమే. అదృష్టం ఎవరినైనా వరించే లాటరీ కూడా కాదిప్పుడు. 2026 నుంచి జీతం స్థాయి పెద్దదైతే ఎంపికయ్యే అవకాశం ఎక్కువ, ఫ్రెషర్ జీతమైతే తక్కువ. 2025 సెప్టెంబరులో పెట్టిన లక్ష డాలర్ల ఫీజు అక్కడే చదివి వీసా మార్చుకునేవాళ్లకి వర్తించదని తర్వాత స్పష్టం చేశారు. ఆ టెన్షన్ మీకొద్దు. కానీ ఏడాదిలోనే ఇన్ని మారిన చోట, మరో నాలుగేళ్లకి రూల్స్ ఎలా ఉంటాయో మీ కన్సల్టెన్సీవాళ్లు ఎలా హామీ ఇస్తున్నారు?

బ్రోషర్‌లో పెద్దగా కనపడని సంగతి ఇంకొకటుంది. మొదటి ఏడాది ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండే రోజులన్నీ కలిపి 90 దాటకూడదు. సరిగ్గా అప్పుడే మనవాళ్లలోనే కొందరు తగులుతారు. రెజ్యూమేలో ఐదేళ్ల దొంగ ఎక్స్‌పీరియెన్స్ పెడతామంటారు, ఇంటర్వ్యూ ఇంకొకరి చేత ఇప్పిస్తామంటారు. ఊరుకాని ఊళ్లో, ఈఎంఐ తరుముతుంటే, మంచి పిల్లలు కూడా ఒప్పేసుకుంటారు. వీసా కోసం అబద్ధం చెప్పినట్టు తేలితే మళ్లీ ఆ దేశం గడప తొక్కనివ్వకపోవచ్చు. వీసా మోసాలు పట్టుకోవడానికి అమెరికా అధికారులే పెట్టిన ఫార్మింగ్టన్ బోగస్ యూనివర్సిటీ వ్యవహారం 2019లో బయటపడింది, గుర్తుందా? అందులో ఇరుక్కున్నవాళ్లలో మన తెలుగు పిల్లలు ఎంతమందో.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. 40 లక్షలు, 10 శాతం వడ్డీ, పదేళ్లు అనుకుంటే ఈఎంఐ నెలకు సుమారు 53 వేలు. చదివే రెండేళ్లలో పేరుకునే వడ్డీ ఇందులో కలపలేదు. అక్కడ మంచి ఉద్యోగం దొరికితే ఇది లెక్కలోకే రాదు, మూడు నాలుగేళ్లలో తీర్చేస్తాడు, అలా తీర్చినవాళ్లు నాకు తెలుసు. దొరక్క వెనక్కొస్తే? ఇక్కడ మొదటి జీతం మొత్తం పోసినా ఈఎంఐ నిండదు. అప్పటికి మీరు రిటైరై ఉంటారు. తనఖాలో ఉన్నది మీరుంటున్న ఇల్లు.

కోపం తెచ్చుకోకండి గానీ, ఈ విషయంలో మీదే తప్పు అంటాను. 21 ఏళ్ల కుర్రాడి భుజాన మీ ఇల్లు, మీ స్థలం, మీ ముసలితనం అన్నీ పెట్టి, వెళ్లి చదువుకో నాన్నా అంటున్నారు. వాడు రేపు అక్కడ తిన్నాడో లేదో కూడా మీకు నిజం చెప్పడు. పక్క ఫ్లాట్‌వాళ్లబ్బాయి డాలస్‌లో కారు కొన్న ఫొటో వాట్సాప్‌లో వచ్చుంటుంది. ఆ ఫొటో కింద లోన్ ఇంకా ఎంత మిగిలుందో రాయరు కదండీ. ‘కన్సల్టెన్సీ ఫ్రీ’ అంటే వాళ్లకి కమీషన్ సాధారణంగా యూనివర్సిటీ నుంచి వస్తుందని అర్థం. కమీషన్ ఇచ్చే యూనివర్సిటీ పేరే వాళ్ల నోట ముందు వస్తుంది.

జర్మనీ ఖర్చు తక్కువ. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదు, బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకింత చొప్పునే తీసుకోనిచ్చే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. కానీ 7.2తో పేరున్న టెక్నికల్ యూనివర్సిటీలు కష్టం. అందుకే ఏజెంట్లు ఫీజు కట్టే ప్రైవేటు కాలేజీలు చూపిస్తారు, అప్పుడిక జర్మనీ వెళ్లి లాభమేంటి? జర్మన్ భాష రాకపోతే ఉద్యోగాల్లో సగం తలుపులు మూసుకున్నట్టే. కెనడా 2024 నుంచి స్టడీ పర్మిట్లకి పరిమితి పెట్టింది, అక్కడ ఇప్పుడు ఉద్యోగాలకి గట్టి పోటీ. ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే, భాష నేర్చుకునే ఓపిక ఉన్నవాడికి జర్మనీ అంటాను.

మీరు అడగని నాలుగో దారి ఒకటుంది, నా ఓటు దానికే. బాబు ఆ ఉద్యోగంలో చేరాలి. రెండు మూడేళ్లు ఒక పని లోతుగా నేర్చుకోవాలి. ఆ తర్వాత విదేశం వెళ్లే దారులు తగ్గవు, పెరుగుతాయి. జర్మనీ కంపెనీ నుంచి ఆఫర్ తెచ్చుకుని ఆ జీతం అక్కడి కనీస పరిమితికి సరిపోతే, బీటెక్ డిగ్రీకి అక్కడ గుర్తింపు ఉంటే, బ్లూ కార్డ్‌కి (చదువుకున్నవాళ్లకి ఇచ్చే ఉద్యోగ పర్మిట్) అక్కడి ఎమ్మెస్ అవసరం లేదు. అమెరికాలో శాఖలున్న కంపెనీలో ఏడాది దాటి పనిచేస్తే ఎల్‌-1 మీద, అంటే కంపెనీలోనే బదిలీకి ఇచ్చే వీసా మీద, పంపే వీలుంది. అందరికీ రాదది, ప్రత్యేక నైపుణ్యం ఉందని కంపెనీ చూపించాలి. అప్పటికీ ఎమ్మెస్సే కావాలనుకుంటే అనుభవంతో మెరుగైన యూనివర్సిటీకి అప్లై చేసుకోవచ్చు, కొంత సొంత డబ్బూ ఉంటుంది. 24 ఏళ్లకి ఎమ్మెస్‌కి వెళ్తే ఎవరూ ఆలస్యమనరు. పెళ్లి సంబంధాలవాళ్లు అంటారేమో, అననివ్వండి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. బాబుని పక్కన కూర్చోబెట్టుకుని ఫైనలియర్ ప్రాజెక్టు తెరవమనండి. మీకు కోడ్ అర్థం కానక్కర్లేదు. ఇది ఏం చేస్తుంది, ఈ లైన్ తీసేస్తే ఏమవుతుంది, ఇది నువ్వే రాశావా అని అడగండి. కళ్లు మెరుస్తూ గంటసేపు చెప్పాడంటే ఏ దేశమైనా బతికేస్తాడు. ‘టీమ్‌మేట్ చేశాడు నాన్నా’ అని నసిగితే, బయట డబ్బులిచ్చి చేయించినదని తేలితే, 40 లక్షలు పోసినా ఆ లోటు పూడదు. తిట్టకండి, ఆ ఉద్యోగంలోనైనా నేర్చుకుంటాడు. నాతో మాట్లాడించాలనుకుంటే మాత్రం వాణ్ని ఒక్కణ్నే పంపండి.

అడ్మిషన్ పోతుందన్న భయం వద్దు. తర్వాతి సీజన్‌కి వాయిదా వేయడానికి చాలా యూనివర్సిటీలు ఒప్పుకుంటాయి, కన్సల్టెన్సీ ద్వారా కాకుండా బాబునే నేరుగా మెయిల్ పెట్టమనండి. లోన్ శాంక్షన్ అయినంత మాత్రాన తీసుకుని తీరాలని లేదు, ప్రాసెసింగ్ ఫీజు పోతే పోయింది. ఆనందపురం స్థలానికి మాత్రం ఎవరైనా అడ్వాన్స్ పట్టుకొస్తే, ఇప్పుడు అమ్మడం లేదని చెప్పేయండి.