సోప్రానోస్ మొదటి ఎపిసోడ్ చూశాను, బోర్ కొట్టింది. ముందుకు చూడొచ్చా?

అమెరికన్ టీవీ సీరియల్, అందులోనూ మాఫియా కథ అంటే తుపాకులు, ఛేజింగులు ఉంటాయనుకుని మొదలుపెడితే, మాఫియా మనిషి అయిన హీరో టోనీ మానసిక వైద్యం చేసే డాక్టరమ్మ ముందు కూర్చుని బాతుల గురించి చెప్పుకుంటున్నాడు, ఇందులో అంత గొప్పేముందని అడిగారు. చూడండి. కాకపోతే మాఫియా కోసం కాదు, టోనీ వాళ్ళమ్మ కోసం చూడండి.

నేను దీన్ని న్యూజెర్సీలో ఉద్యోగం చేసే రోజుల్లో, రూమ్మేట్లతో కలిసి మొదలుపెట్టాను. మమ్మల్ని ముందు పట్టుకున్నది టైటిల్సే. టోనీ లింకన్ టన్నెల్‌లోంచి బయటపడి, టోల్ దగ్గర టికెట్ తీసుకుని, పొగగొట్టాలూ ఆయిల్ ట్యాంకులూ దాటుకుంటూ సిగార్ నోట్లో పెట్టుకుని ఇంటికి పోతుంటాడు. ఎడిసన్ వైపు ఉండే మనవాళ్ళు మాన్‌హాటన్ నుంచి కారులో వస్తే చాలావరకు అదే రోడ్డు, టోల్ కట్టి వెళ్ళే అదే టర్న్‌పైక్ హైవే. మాకు అది రోజూ చూసే ఏరియా కాబట్టి సరదాగా ఉంది. కథ మొదలయ్యాక మాత్రం మా కడప కుర్రాడు సగం ఎపిసోడ్‌కే "ఒక్క సుమో కూడా పైకి లేవలేదేంట్రా" అని లేచి పోయాడు. మీ ఇబ్బంది కూడా దాదాపు అదే అనుకుంటాను.

కాఫీ సీన్ ఒక్కటి మళ్ళీ చూడండి. టోనీ తన పని గురించి మొదలుపెట్టగానే డాక్టర్ మెల్ఫీ ఆపుతుంది. ఎవరికైనా హాని జరగబోతోందని తెలిస్తే తను పోలీసులకు చెప్పాల్సి వస్తుందని మర్యాదగా హెచ్చరిస్తుంది. సరేనని అతను, బాకీ ఉన్న ఒకతన్ని కలిశాం, కాఫీ తాగాం అంటాడు. మనకు తెర మీద కనబడేది వేరు: ఆ బాకీవాణ్ణి కారుతో తరిమి, గుద్ది, కాలు విరగ్గొట్టి, ఆపైన కొడుతుంటారు. నోటితో చెప్పేది ఒకటి, కంటికి కనబడేది ఒకటి. సీరియల్ మొత్తాన్నీ ఎలా చూడాలో డైరెక్టర్ ఇక్కడే నేర్పించేశాడు.

తర్వాత ఆర్టీ హోటల్ సంగతి. అది అర్థం కాలేదన్నవాళ్ళను చాలామందినే చూశాను. టోనీ బాబాయ్ జూనియర్ ఒకణ్ణి ఆర్టీ రెస్టారెంట్‌లో చంపించాలనుకుంటాడు. ఆర్టీ టోనీకి చిన్నప్పటి స్నేహితుడు. హత్య జరిగిన చోటికి భోజనానికి ఎవరొస్తారు? హోటల్ మూసుకోవడానికని టోనీ అతనికి ఓడ ప్రయాణం టికెట్లు ఇస్తాడు. ఇలాంటివాళ్ళ దగ్గర ఉచితంగా ఏదీ తీసుకోకూడదని ఆర్టీ భార్య వాటిని వెనక్కి ఇప్పించేస్తుంది. ఇక టోనీ ఏం చేస్తాడు? హోటల్నే తగలబెట్టిస్తాడు. ఇన్సూరెన్స్ వస్తుంది కదా, పేరూ చెడదు! స్నేహితుడికి మేలు చెయ్యడం అంటే అతని లెక్కలో అదీ.

ఇక అమ్మ. లివియా. కొడుకు పాటల సీడీలు తెచ్చిస్తే మొహం మాడ్చుకుంటుంది. రాత్రి ఎవరో ఫోన్ చేశారంటుంది. ఎవరని అడిగితే, చీకటి పడ్డాక నేను ఫోన్ ఎత్తుతానా అని ఎదురు ప్రశ్న. ఊరంతా గడగడలాడే మనిషి ఆవిడ వంటింట్లో మాత్రం పదేళ్ళ పిల్లాడిలా నిలబడి ఉంటాడు. వృద్ధాశ్రమం చూపించడానికి తీసుకెళ్తే అక్కడా స్పృహ తప్పి పడేది కొడుకే. చాలా ఏళ్ళ తర్వాత మా ఆవిడతో కలిసి రెండోసారి చూసినప్పుడు, తను కాసేపు చూసి "ఈవిడ అచ్చం మా పెద్దత్త" అంది. పెద్దత్త కూడా అంతే, ఊళ్ళో ఇల్లు వదిలి కొడుకు దగ్గరికి రాదు, వచ్చి చూడట్లేదని మాత్రం ఫోన్ చేసిన ప్రతిసారీ సాధిస్తుంది. ఆ తర్వాత మేము చూసింది క్రైమ్ డ్రామా కాదు, అత్తగారి సీరియల్. దీన్ని రాసి, ఈ ఎపిసోడ్‌ని డైరెక్ట్ కూడా చేసిన డేవిడ్ చేజ్ ఈ పాత్రను వాళ్ళమ్మను చూసే రాశానని చెప్పాడు. లివియాగా నాన్సీ మార్చండ్ నటన అలాంటిది, నోరు విప్పకపోయినా టెన్షన్ పెడుతుంది. చివర్లో జూనియర్ కారులో, నీ కొడుకు విషయం ఏదో ఒకటి తేల్చాలి అన్నట్టు మాట్లాడినప్పుడు ఆవిడ ఏమంటుందో గమనించండి. ఏమీ అనదు!

బాతులు ఎందుకని మీరు ప్రత్యేకంగా అడిగారు. టోనీ ఇంటి ఈత కొలనులో దిగి పిల్లల్ని పెట్టిన బాతులు ఎగిరిపోగానే అతను కుప్పకూలతాడు. నా ఇల్లు కూడా ఇలాగే చెదిరిపోతుందేమోనన్న భయం అది, డాక్టర్ ముందు ఏడ్చేదాకా అతనికే తెలియదు. మాత్రలు వేసుకున్నాక బాగానే ఉంది, మందు గుణం చూపించిందంటాడు. ఆ మందు పట్టడానికి వారాలు పడుతుంది, నీకు నయం చేసింది నువ్వు మాట్లాడటమే అంటుంది మెల్ఫీ. నాకు ఎపిసోడ్‌లో అన్నిటికంటే నచ్చింది ఈ ముక్కే.

లోపాలు లేవనను. 1997లో తీసిన ఎపిసోడ్ 1999 జనవరి 10న గాని హెచ్‌బీఓలో రాలేదు. ఆ మధ్యలో కొన్ని మారిపోయాయి: ఇందులో చర్చి ఫాదర్‌గా వేసిన నటుడూ, మాంసం కొట్టూ తర్వాతి ఎపిసోడ్లలో వేరు. టోనీ గొంతులో చెప్పుకుపోయే వివరణ కూడా ఇక్కడ కొంచెం ఎక్కువే.

ఐదో ఎపిసోడ్ దాకా ఓపిక పట్టండి. టోనీ తన కూతురు మెడోకి కాలేజీలు చూపించడానికి మెయిన్ అనే రాష్ట్రానికి తీసుకెళ్ళే ఎపిసోడ్ అది. అక్కడా పట్టకపోతే వదిలేయండి, మొత్తం 86 ఉన్నాయి, బలవంతాన చూసేవి కావు. యాస అర్థం కావాలంటే సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే మాత్రం హాల్లో టీవీలో పెట్టకండి. టోనీ ముఠా మీటింగులు ఎక్కువగా జరిగేది స్ట్రిప్ క్లబ్బులో.