ఒక్కరోజు ట్రైనింగ్ ఇచ్చి నన్ను కౌన్సెలర్‌ని చేశారు, ఇప్పుడు రిపోర్టు రాయమంటున్నారు

ప్రశ్న: నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ లెక్చరర్‌ని. హాస్టల్‌తో కలిపి దాదాపు 600 మంది పిల్లలు. కిందటేడు హాస్టల్లో గొడవ జరిగి ఒకబ్బాయి చెయ్యి విరిగింది. దాంతో మేనేజ్‌మెంట్ మానసిక ఆరోగ్యం, హింస నివారణ అంటూ ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. ఎవరో వచ్చి ఒక రోజు ట్రైనింగ్ ఇచ్చి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి వెళ్లారు. ఆ రోజు నుంచి నేనే స్టూడెంట్ కౌన్సెలర్‌ని. రాత్రి పదకొండింటికి కూడా పిల్లల మెసేజ్‌లు వస్తుంటాయి. ఈమధ్య ఒక సెకండియర్ అబ్బాయి ‘బతకాలని లేదు మేడమ్’ అని చెప్పి, ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. ఇప్పుడు ప్రిన్సిపాల్ గారు ప్రోగ్రాం సక్సెస్ అయిందని రిపోర్టు రాసివ్వమంటున్నారు. మావారు ‘రూపాయి పెరగని పనికి ఇంత టెన్షన్ ఎందుకు, మానెయ్’ అంటారు. ఎనిమిదో తరగతి చదివే మా బాబు ‘నీకు ఆ పిల్లలే ఎక్కువ’ అన్నాడు. నాకిచ్చిన ట్రైనింగ్ సరిపోతుందో లేదో ఎలా తెలుస్తుంది? రిపోర్టులో ఏం రాయాలి?
– ఒక లెక్చరర్, గుంటూరు జిల్లా

జవాబు: రిపోర్టు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ అబ్బాయి. అతనితో మళ్లీ మాట్లాడకపోయి ఉంటే ఇవాళే మాట్లాడండి. తిరగేసి, మడతేసి కాకుండా ‘చచ్చిపోవాలని ఇంకా అనిపిస్తోందా? ఎలా, ఎప్పుడు అని కూడా ఆలోచించావా?’ అని సూటిగా అడగండి. మనం చావు మాట ఎత్తితే లేని ఆలోచన పుడుతుందేమోనని చాలామంది భయపడతారు. అలా పుట్టదు. పైగా అడిగేవాళ్లు దొరికారన్న ఊరట ఆ పిల్లాడికి ఉంటుంది. అవునంటే అతన్ని ఒంటరిగా వదలకండి, ఆ రోజే సైకియాట్రిస్టు దగ్గరికి చేర్చండి. కాదన్నా ఈ వారంలో ఒకసారి చూపించడం మంచిది. అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు. రాత్రీపగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు.

ఇక ఒట్టు. దాన్ని దాటాల్సిందే, కానీ అతని వెనకాల కాదు. అతనికే చెప్పండి: ‘నువ్వు చెప్పినవి ఊరంతా చాటను. కానీ ఇది నీ ప్రాణం సంగతి, నేనొక్కదాన్నే మోయకూడదు. ముందు ఎవరికి చెబుదాం, మీ అమ్మకా, నాన్నకా, మామయ్యకా?’ ఎవరికన్నది అతన్నే తేల్చనివ్వండి. నాన్నంటే హడలిపోయే పిల్లలుంటారు. నేరుగా ఆయనకే ఫోన్ కొడితే సాయంత్రానికల్లా హాస్టల్‌కొచ్చి అందరిముందూ చెంప పగలగొట్టిన సందర్భాలు మన దగ్గర కొత్తేం కాదు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు వస్తాను. ఆ ఒట్టు మీరు వేశారంటేనే ట్రైనింగ్ ఎంతమాత్రమో తెలిసిపోతోంది. తప్పు మీది కాదు. ఏ రహస్యం దాచొచ్చు, ఏది దాచకూడదు అన్నది ఈ పనిలో మొదటి గంటలో నేర్పాల్సిన పాఠం. ఆ రోజు మీచేత ఒక్కసారైనా నోరు తెరిచి ‘చచ్చిపోవాలనిపిస్తోందా’ అని అనిపించారా? ఒకరు పిల్లాడిగా, ఒకరు మేడమ్‌గా కూర్చుని సాధన చేశారా? పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు లైంగిక వేధింపు గురించి చెబితే, పోక్సో చట్టం కింద పోలీసులకు తెలియజేయాల్సిందేనని, దాచిపెడితే అదే నేరమని చెప్పారా? స్లైడ్లు చూపించి, మధ్యాహ్నం భోజనం పెట్టి, ‘ట్రైనింగ్ ఎలా ఉంది’ అని ఫారం నింపించుకుని వెళ్లిపోయి ఉంటే, వాళ్లు కొలిచింది భోజనం రుచినే. అదేరోజు సాయంత్రం పరీక్ష పెడితే ఎవరికైనా మార్కులు బాగానే వస్తాయి. మూడు నెలలయ్యాక మీకేం గుర్తుంది, ఏం చేయగలుగుతున్నారు అన్నది చూడాలి.

అయితే ట్రైనింగ్ బాగున్నా మీ చేత ఈ పని అవుతుందా అన్నది వేరే ప్రశ్న. మనకు దగ్గర్లోనే దీన్ని గట్టిగా పరీక్షించి చూశారు. బిహార్‌లోని నలంద జిల్లాలో, ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ‘సెహర్’ అనే కార్యక్రమం నడిపి, ఫలితాలను 2018లో ప్రచురించారు. 70కి పైగా బడులను మూడు వాటాలు చేశారు. కొన్నింటికి ఇదే పనిగా ఒక మనిషిని పెట్టారు. ఆ మనిషి పెద్ద డిగ్రీలున్న సైకాలజిస్టు కాదు, శిక్షణ పొందిన మామూలు వ్యక్తి. కొన్నింట్లో అదే కార్యక్రమాన్ని ఆ బడి టీచరుకే అప్పగించారు. మిగతా బడుల్లో ఈ కార్యక్రమం లేదు. వేరే మనిషి ఉన్న బడుల్లో పిల్లల దిగులు తగ్గింది, ఏడిపించడం, కొట్లాటలు తగ్గాయి. టీచరు చేసిన బడులకూ, ఈ కార్యక్రమం లేని బడులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు.

దీన్ని టీచర్లకు చేతకాదని చదవకండి. పొద్దున స్లిప్ టెస్టులో తక్కువొచ్చాయని నిలబెట్టిన మనిషి దగ్గరికే సాయంత్రం వచ్చి మనసు విప్పమంటే ఎంతమంది వస్తారు? మీ దగ్గరికి వస్తున్నారంటే అది మీ మంచితనం. ఒకరి మంచితనం మీద 600 మంది పిల్లల కార్యక్రమాన్ని నడపడం మేనేజ్‌మెంట్ చేస్తున్న తప్పు. యూరప్‌లోనూ పది దేశాల్లో 168 బడుల్లో ఇలాగే చూశారు, ఫలితాలు 2015లో వచ్చాయి. ప్రమాదంలో ఉన్న పిల్లల్ని గుర్తుపట్టడం టీచర్లకు నేర్పినందువల్ల ఆత్మహత్యా ప్రయత్నాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. పిల్లలనే కూర్చోబెట్టి, వాళ్ల సమస్యలను వాళ్లచేతే నటింపజేసి, చర్చించిన బడుల్లో ఏడాది తిరిగేసరికి దాదాపు సగానికి తగ్గాయి. మీ కార్యక్రమంలో పిల్లలు నోరు తెరిచే గంట ఎక్కడుందో ఒకసారి వెతకండి.

పనిలో పనిగా ఇంకో మాట. ఈసారి హాస్టల్లో కొట్టుకుంటే ఎస్సై గారిని పిలిపించి నాలుగు చీవాట్లు పెట్టిద్దాం అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అమెరికాలో కుర్రాళ్లను జైలుకు తీసుకెళ్లి ఖైదీలచేత భయపెట్టించే కార్యక్రమాలు చాలాకాలం నడిచాయి. లెక్కలు తీస్తే, వెళ్లొచ్చినవాళ్లే తర్వాత ఎక్కువ నేరాలు చేశారు. మంచి ఉద్దేశంతో చేసిన పని చెడు చేయదన్న భరోసా ఏమీ లేదు. కొలిచి చూడమనేది అందుకే.

మరి ఎలా కొలవాలి? మేనేజ్‌మెంట్‌కు ఇష్టమైన లెక్క ఒకటుంటుంది: ‘కిందటేడు పన్నెండు కంప్లయింట్లు, ఈ ఏడాది రెండే.’ దాన్ని అస్సలు నమ్మకండి. కార్యక్రమం నిజంగా పనిచేస్తే మొదటి కొన్ని నెలలు ఫిర్యాదులు పెరగొచ్చు కూడా. ఇన్నాళ్లూ దెబ్బలు తిని దుప్పటి కప్పుకుని పడుకున్నవాడు ఇప్పుడు చెబుతున్నాడన్నమాట. ఫిర్యాదులు ఒక్కసారిగా తగ్గాయంటే గొడవలు తగ్గాయో, వార్డెన్ నోళ్లు మూయించాడో ఆ అంకె చెప్పదు. పిల్లలనే అడగాలి, పేర్లు లేని చీటీల మీద. ‘హాస్టల్లో క్రమశిక్షణ ఎలా ఉంది’ అని అడిగితే అందరూ ‘బాగుంది సార్’ అనే రాస్తారు. ‘గత 30 రోజుల్లో నిన్ను ఎవరైనా కొట్టారా? తోటి విద్యార్థా, సీనియరా, వార్డెనా, లెక్చరరా? నువ్వు ఎవరినైనా కొట్టావా? రాత్రి దిగులుగా ఉంటే చెప్పుకోడానికి ఇక్కడ ఒక్క మనిషైనా ఉన్నారా?’ అని అడగండి. వార్డెన్, లెక్చరర్ అన్న మాటలు కొట్టేయమని మీమీద ఒత్తిడి వస్తుంది. కొట్టేయకండి. కర్ర పట్టుకున్న వార్డెన్ ఉన్న హాస్టల్లో హింస నివారణ పోస్టరు అంటించి ప్రయోజనం లేదు. చీటీలు వేసే పెట్టె తాళంచెవి కూడా ఆఫీసులో ఉండకూడదు.

జూన్‌లో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి అడిగి పోల్చేద్దామనిపిస్తుంది. ఇంటర్ పిల్లల విషయంలో అది కుదరదు. ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్, వెనకే పరీక్షలు. ఏ కార్యక్రమమున్నా లేకపోయినా అప్పుడు అందరికీ టెన్షనే. మీ సొసైటీకి ఇంకో బ్రాంచి ఉండి, అక్కడ ఇది ఇంకా మొదలవ్వకపోతే, అదే వారంలో అక్కడి పిల్లలకూ ఇవే చీటీలు ఇప్పించండి. ఆ తేడా కొంతవరకు నమ్మదగ్గది. దీంతోపాటు ఒక నోటుబుక్కు పెట్టండి, పేర్లు వద్దు: ఎంతమందిని డాక్టరు దగ్గరికి పంపాం, అందులో ఎంతమంది నిజంగా వెళ్లారు, తిరిగొచ్చాక రెండు వారాలకు ఎవరైనా పలకరించారా. ‘మావాడికి పిచ్చా ఏమిటండీ’ అని తల్లిదండ్రులు మధ్యలో ఆపేసే పిల్లలు అప్పుడు లెక్కలోకి వస్తారు.

రిపోర్టులో చేసింది రాయండి, జరగనిది రాయకండి. ‘ఒక రోజు శిక్షణ జరిగింది. ఇంతమంది విద్యార్థులు వచ్చి మాట్లాడారు. ఫలితం కొలవడానికి మొదట్లో సమాచారం సేకరించలేదు కాబట్టి, తగ్గిందనిగానీ పెరిగిందనిగానీ చెప్పలేము’ అంటే చాలు. సక్సెస్ అని సంతకం పెట్టి, రేపు జరగరానిది జరిగితే ఆ కాగితం మీ మెడకే చుట్టుకుంటుంది.

అదే రిపోర్టు చివర మూడు అడగండి, రాతపూర్వకంగానే. అర్హతలున్న కౌన్సెలర్‌ని నియమించాలి. ఆ మనిషి వచ్చేదాకా పదిహేను రోజులకోసారి ఒక సైకాలజిస్టుతోనో సైకియాట్రిస్టుతోనో కూర్చుని మీ దగ్గరికొచ్చిన కేసులు చర్చించే ఏర్పాటు ఉండాలి. మీ పీరియడ్లు కొన్ని తగ్గించాలి. ఇది గొంతెమ్మ కోరికేం కాదు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, అంతకుమించి విద్యార్థులున్న సంస్థలో అర్హత కలిగిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు నిపుణులచేత శిక్షణ ఇప్పించాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, అందరిముందూ అవమానించడం మానుకోవాలని కూడా అందులో ఉంది. మీ కాలేజీలో స్టార్ బ్యాచ్ ఒకటి ఉండే ఉంటుంది, ఆ పేరా కూడా జత చేయండి.

ఇంటి విషయం. మీవారి మాట కరుకుగా ఉన్నా, ఆయన చూస్తున్నది నిద్ర లేని భార్యని. పిల్లల పేర్లు, వివరాలు చెప్పకుండానే ‘ఇవాళ ఒక మాట విన్నాను, భయమేసింది’ అని చెప్పుకోవచ్చు. మీరేమీ చెప్పకుండా ఫోను చూసుకుంటూ కూర్చుంటే ఆయనకు కనబడేది ఫోనే. రాత్రి ఎనిమిది తర్వాత మెసేజ్ చూడనని, అత్యవసరమైతే హాస్టల్ డ్యూటీ నంబరుకో 14416కో చేయమని పిల్లలకు క్లాసులోనే చెప్పండి. ఆ డ్యూటీ ఫోను ఎవరో ఒకరు ఎత్తేలా చూడటం కాలేజీ బాధ్యత. రాత్రి ఎనిమిది తర్వాతి ఆ సమయం మీ బాబుది. వాడికి సర్దిచెప్పడానికి ప్రయత్నించకండి, వాడన్నది నిజమే కదా. నిద్ర అప్పటికీ పట్టకపోతే ఆ 14416కి మీకోసం కూడా చేయొచ్చు.

మీవారు మానెయ్ అంటున్నది ఉద్యోగాన్నో, ఈ అదనపు పనినో మీ ఉత్తరంలో తేలలేదు. ఉద్యోగం మానొద్దు. ఆ మూడింటిలో ఒక్కటి కూడా వచ్చే జూన్‌లోపు రాకపోతే మాత్రం కౌన్సెలర్ పేరు తీసేయమని ప్రిన్సిపాల్‌కి లెటర్ ఇవ్వండి. లెటర్ కాపీ ఒకటి ఇంట్లో పెట్టుకోండి. మీ దగ్గరికి వస్తున్న పిల్లలకు ఇకనుంచి ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్పి, వీలైతే మొదటిసారి మీరే వెంట తీసుకెళ్లి, ఆ తర్వాత జువాలజీ చెప్పుకోండి.