నాటక ప్రదర్శనశాలలో దారి చూపే బోర్డులు ఎక్కడ, ఎలా పెట్టాలి?

మీ పట్టణంలోని నాటక ప్రదర్శనశాలను బాగు చేయిస్తున్నారని, ప్రేక్షకులకు దారి చూపే బోర్డుల పని ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. నేను కడపలో బోర్డులు తయారుచేస్తాను. ఇక్కడి ఒక ప్రదర్శనశాలకు ఆ పని మొత్తం నా చేతుల మీదుగానే జరిగింది.

కొటేషన్ అడగడానికి ముందు, ప్రదర్శన ఉన్న సాయంత్రం మీరే గేటు లోపల నిలబడండి. వచ్చినవారు ఎక్కడ ఆగి అటూ ఇటూ చూస్తున్నారో, ఎక్కడ వాచ్‌మన్‌ను అడుగుతున్నారో చూసి అక్కడ సుద్దతో గుర్తు పెట్టండి. ఆ గుర్తు దగ్గర నిలబడితే కళ్లు ఎటు పోతాయో అటే బోర్డు ఉండాలి. చాలామంది ఖాళీ గోడ చూసి బోర్డు పెడతారు, దాన్ని ఎవరూ చూడరు. మేము చేసిన హాలులో జనం తికమకపడింది టికెట్ కౌంటర్ దగ్గర కాదు, అది దాటాక మెట్ల మొదట్లో. బాల్కనీ టికెట్ ఉన్నవారు కింది తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, మళ్లీ ఎదురొచ్చేవారు. అక్కడ తలలకు పైన, బాణంతో ఒక్క బోర్డు వేలాడదీశాక ఆ తోపులాట పోయింది.

ఎడమ, కుడి విషయంలో జాగ్రత్త. రంగస్థలం మీద పనిచేసేవారు నటుడి ఎడమనే ఎడమ అంటారు, అది ప్రేక్షకుడికి కుడి. బోర్డుల మీద ప్రేక్షకుడి లెక్కే ఉండాలి. అంతకన్నా మంచిది తలుపులకు రంగులు వేసి, టికెట్ మీదా అదే రంగు ముద్రించడం. పద్యనాటకాలకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే పెద్దవారిలో చదవడం రానివారూ ఉంటారు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్లు కొందరివి కాబట్టి నీలం, పసుపు తీసుకోండి. సీట్ల వరసలకు ఇంగ్లీషు అక్షరాలు వాడితే ఐ, ఓ వదిలేయండి, అవి ఒకటి, సున్నాలా కనబడతాయి.

ఇక అక్షరాలు. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అని మా పనిలో ఒక లెక్క ఉంది. తెలుగుకు ఆ అంగుళం వత్తులు, గుణింతాలు కలపకుండా అక్షరం ఒంటికే రావాలి. మరుగుదొడ్ల మీద రాసే 'స్త్రీలు' చూడండి: పైన గుడిదీర్ఘం, కింద రెండు వత్తులు. ఇంగ్లీషు పక్కన అదే ఎత్తులో ఇరికిస్తే దూరం నుంచి మసకగా ముద్దలా ఉంటుంది. బోర్డు మీద రాత వరసల మధ్య ఖాళీ ఎక్కువ వదలండి, పక్కన బొమ్మ తప్పక వేయండి. మెరిసే రేకు మీద దీపం పడితే అక్షరం కనబడదు, మెరుపు లేనిదే అడగండి.

కళాకారులను మరిచిపోకండి. 1885లో మన కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి వంటి సమాజాలు వస్తే సెట్టు సామాను లారీల్లో వస్తుంది. వెనుక ద్వారం ఎటో రోడ్డు మీదే తెలియాలి, రాత్రి కూడా.

అన్నిటికన్నా నేను పట్టుబట్టేది బయటికి వెళ్లే దారి గురించి. 1997లో ఢిల్లీ ఉపహార్ థియేటర్ అగ్నిప్రమాదంలో 59 మంది చనిపోయారు. బాల్కనీలో అదనపు సీట్లు వేసి దారి మూసేశారు. అలా మూసిన దారికి ఏ బోర్డూ సాయం చేయలేదు, కాబట్టి ముందు తలుపులు, నడవలు ఖాళీగా ఉన్నాయో లేదో చూడండి. ఆ తర్వాత పరుగెత్తే మనిషి బొమ్మ ఉన్న ఆకుపచ్చ దీపం, కరెంటు పోయినా బ్యాటరీతో వెలిగేది, ప్రతి బయటి తలుపు మీదా ఉండాలి. వేదిక మీద పూర్తి చీకటి కావాలని లైటింగ్ వారు దాని మీద నల్లగుడ్డ కప్పమంటారు. ఒప్పుకోకండి. వెలుగు వేదిక వైపు పడకుండా పక్కన చిన్న రేకు అడ్డం పెడితే చాలు.

అసలు బోర్డులు చేయించే ముందు వాటిని అదే సైజులో కాగితాల మీద ముద్రించి, ఒక ప్రదర్శనకు అతికించి చూడండి. ఆ రోజు వాచ్‌మన్‌ను జనం ఇంకా ఏం అడిగారో రాసుకుంటే, మార్చవలసినవి తేలతాయి.