సాఫ్ట్‌వేర్ మీద సర్కారు పెత్తనం ఎంతవరకు? పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: నేను ప్రోగ్రామర్‌ని. ప్రభుత్వాలు జోలికి రాలేదు కాబట్టే ఇంటర్నెట్ ఇంత పెరిగిందని మా ఆఫీసులో అందరూ అంటారు. ఇప్పుడేమో ఎక్కడ చూసినా కొత్త చట్టాలే. కోడ్ అంటే ఏమిటో తెలియనివాళ్లు మాకు రూల్స్ పెట్టడం ఏమిటండీ?

జవాబు: ఆ మాటలో సగమే నిజం. ఇంటర్నెట్‌కు మూలమైన ఆర్పానెట్ 1969లో మొదలైంది అమెరికా రక్షణ శాఖ డబ్బుతో. తర్వాత సైట్లన్నీ విచ్చలవిడిగా పెరిగిందీ ఒక చట్టం అండతోనే. జనం పెట్టే రాతలకు సైటును ప్రచురణకర్తగా చూడకూడదని 1996లో అమెరికా రాసుకున్న సెక్షన్ 230 లేకపోతే, ఎవరో పెట్టిన ప్రతి కామెంటుకూ కంపెనీ కోర్టు మెట్లెక్కాల్సి వచ్చేది. చట్టం తమను కాపాడినంతకాలం ఎవరికీ అది పెత్తనంలా అనిపించలేదు మరి!

ఇక కోడ్ తెలియకపోవడం అంటారా, చట్టం మీ కోడ్ చదవక్కర్లేదు. అది పాడైతే నష్టం ఎవరు భరించాలన్నది తేలిస్తే చాలు. మీరు వాడే ఏ సాఫ్ట్‌వేర్ లైసెన్సైనా తెరిచి చివరి పేరాలు చూడండి. ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం, ఏ హామీ లేదు, ఏం జరిగినా మా బాధ్యత మీరు కట్టిన డబ్బుకు మించదు అని ఏదో ఒక రూపంలో ఉంటుంది. అంటే ఉచితంగా వాడేవాడికి వచ్చేది గుండుసున్నా.

2024 జూలై 19 గుర్తుందా? కంప్యూటర్లకు భద్రతా సాఫ్ట్‌వేర్ అమ్మే క్రౌడ్‌స్ట్రయిక్ కంపెనీ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారమే, 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కూలబడ్డాయి. విమానాలు ఆగిపోయాయి, ఆసుపత్రుల్లో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. తప్పు ఎక్కడుందో త్వరగానే దొరికింది కానీ, చాలా చోట్ల ఒక మనిషి ఒక్కో కంప్యూటర్ ముందు కూర్చుని, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఒక్క ఫైలు వెతికి తీసేసి, మళ్లీ ఆన్ చేయాల్సి వచ్చింది, డిస్క్‌కు బిట్‌లాకర్ అనే విండోస్ తాళం వేసి ఉంటే 48 అంకెల రికవరీ కీ కూడా కొట్టాలి. విమానాశ్రయంలో క్యూలో నిలబడ్డ ప్రయాణికుడికి ఆ కంపెనీతో ఏ ఒప్పందమూ లేదు, 'అంగీకరిస్తున్నాను' అని నొక్కిన పాపాన కూడా పోలేదు. అమ్మినవాడూ కొన్నవాడూ రాసుకున్న కాగితంలో లేని ఈ మూడో మనిషి తరఫున మాట్లాడటానికి ప్రభుత్వం తప్ప ఇంకెవరున్నారు?

ఐరోపా సమాఖ్య 2024లో ఆ దారే పట్టింది. ఉత్పత్తి లోపాల చట్టాన్ని తిరగరాసి, సాఫ్ట్‌వేర్ కూడా ఉత్పత్తే అంది. 2026 డిసెంబరు 9 తర్వాత మార్కెట్లోకి వచ్చే సాఫ్ట్‌వేర్‌లో లోపం వల్ల మనిషికి గాయమైనా, ఆస్తి పాడైనా, సొంత డేటా పోయినా తయారీదారు పరిహారం ఇవ్వాలి, లైసెన్సులో ఏం రాసుకున్నా చెల్లదు. విమానం తప్పిపోయిన నష్టం మాత్రం దీని కిందికి రాదు, ఆ లోటు లోటే.

ప్రశ్న: నేరస్తులను పట్టుకోవడానికి, మెసేజింగ్ యాప్‌లలో పోలీసులకు మాత్రమే తెరుచుకునే దారి ఒకటి పెట్టమంటే తప్పేంటి? ఏ తప్పూ చేయనివాళ్లకు భయమెందుకు?

జవాబు: 'పోలీసులకు మాత్రమే' అన్నదే కుదరని పని. వచ్చినవాడు పోలీసా దొంగా అని తాళానికి తెలియదు. 2004–05లో గ్రీస్‌లో ఏం జరిగిందో చూడండి. ఫోన్ కంపెనీల ఎక్స్ఛేంజ్ సాఫ్ట్‌వేర్‌లో, కోర్టు అనుమతితో కాల్స్ వినడానికి ఒక ఏర్పాటు ఉంటుంది. ఎవరో లోపలికి చొరబడి ఒక కంపెనీలో ఆ ఏర్పాటునే వాడుకుని, ప్రధానమంత్రితో సహా దాదాపు వందమంది ఫోన్లు నెలల తరబడి విన్నారు. కొన్ని ఎస్సెమ్మెస్‌లు అందడం లేదేమిటని ఆరా తీస్తే అప్పుడు బయటపడింది. వాళ్లందరూ ఏ తప్పు చేశారని?

అంతకుముందు 1993లో అమెరికా, ఫోన్లలో మాటలను రహస్య సంకేతాలుగా మార్చే క్లిప్పర్ చిప్ పెట్టాలని, దాని తాళంచెవుల నకళ్లు సర్కారు దగ్గర ఉంచుకోవాలని చూసింది. మరుసటి ఏడాదే మాట్ బ్లేజ్ అనే పరిశోధకుడు అందులో లొసుగు చూపించాడు, కొన్నాళ్లకు పథకం అటకెక్కింది. ఫలానా మనిషి మీద అనుమానం ఉంటే కోర్టు ఉత్తర్వుతో వాడి ఫోనే స్వాధీనం చేసుకోవచ్చు, అందరి తలుపులూ బలహీనం చేయమనడం మాత్రం నాకు ససేమిరా ఒప్పుదల కాదు. పైన కంపెనీలను కట్టడి చేయమన్నవాడివి ఇక్కడ వద్దంటావేం అని అడగొచ్చు. అక్కడ చట్టం నష్టం చేసినవాణ్ని పట్టుకుంటోంది, ఇక్కడేమో నష్టానికి కొత్త దారి చట్టమే తెరుస్తోంది.

ప్రశ్న: ఏ సైటుకెళ్లినా కుకీలకు ఒప్పుకోమని అడ్డంగా వచ్చే పెట్టెలతో విసుగొస్తోంది. ఇవి చట్టం పుణ్యమే కదా?

జవాబు: సగం పుణ్యం కంపెనీలది. కుకీలంటే సైటు మన కంప్యూటర్‌లో దాచుకునే చిన్న ఫైళ్లు. సైటు నడవడానికి తప్పనిసరైన కుకీలకు ఐరోపా చట్టం అనుమతి అడగమనలేదు, వెంటపడి గూఢచర్యం చేసేవాటికే అడగమంది. 'ఒప్పుకుంటున్నా' అన్నది పెద్ద బటన్‌గా పెట్టి, 'వద్దు' అన్నదాన్ని రెండు పేజీల వెనక దాచింది మాత్రం కంపెనీలే. ఒప్పుకోవడం ఎంత తేలికో కాదనడమూ అంత తేలిగ్గా ఉండాలని ఫ్రాన్స్ డేటా రక్షణ సంస్థ సీఎన్‌ఐఎల్, 2022 జనవరిలో గూగుల్‌కు 15 కోట్లు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోల జరిమానాలు ప్రకటించింది. అన్నీ తిరస్కరించే బటన్ ఆ ఏడాదే గూగుల్‌లో ప్రత్యక్షమైంది. చట్టం ఒక్కటే సరిపోదండీ, అమలు చేసేవాడికి పళ్లుండాలి.

ప్రశ్న: నేను సరదాగా రాసి అందరికీ ఉచితంగా పెట్టిన కోడ్‌కు కూడా ఈ బాధ్యతలు తగులుకుంటాయా?

జవాబు: ఐరోపా వరకైతే లేదు. డిజిటల్ ఉత్పత్తుల భద్రతకు తయారీదారులను బాధ్యులను చేసే అక్కడి సైబర్ రెసిలియన్స్ చట్టం మొదటి ముసాయిదా చూసి, మీలా కోడ్‌ను అందరికీ తెరిచిపెట్టే ఓపెన్ సోర్స్ వాళ్లు గగ్గోలు పెట్టారు, 2024లో వచ్చిన తుది చట్టంలో వ్యాపారం కోసం కాని కోడ్‌ను మినహాయించారు. మీ కోడ్‌ను తన ఉత్పత్తిలో కలిపి అమ్ముకునే కంపెనీయే దానికి పూచీ పడాలి. మీరే దాన్ని అమ్మడం మొదలుపెడితే మాత్రం లెక్క మారుతుంది, ఆ రోజు ముందు ఒక లాయర్‌ను కలవండి.